బీరు ఈస్ట్ నిల్వ: ముందు ఎంతకాలమో తేల్చుకోవాలి, ఆ తర్వాతే పరికరాలు

1845లో జె.సి. జాకబ్‌సెన్ అనే డెన్మార్క్ బీరు తయారీదారు మ్యూనిక్‌లోని ష్పాటెన్ బ్రూవరీ నుంచి, చల్లటి చోట పులిసే లాగర్ రకం బీరుకు వాడే ఈస్ట్‌ను (చక్కెరను ఆల్కహాల్‌గా మార్చే ఏకకణ జీవి) కొద్దిగా సంపాదించి, గుర్రపు బండిలో కోపెన్‌హాగన్‌కు బయలుదేరారు. బండి ఆగిన ప్రతి మజిలీలోనూ దిగి, ఈస్ట్ డబ్బాల మీద చన్నీళ్లు పోస్తూ వెళ్లారని కార్ల్స్‌బర్గ్ చరిత్రలో చెప్పుకుంటారు. పులియడం మీద పాస్చర్ పరిశోధనలు వెలుగు చూడడానికి అప్పటికింకా పన్నెండేళ్లు ఉంది. వేడి తగిలితే ఈస్ట్ పాడవుతుందన్న అనుభవం ఒక్కటే ఆయనకు ఆధారం. తర్వాత 1883లో, ఆయనే నెలకొల్పిన కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో ఎమిల్ క్రిస్టియన్ హాన్సెన్ ఒకే ఒక్క కణం నుంచి శుద్ధమైన ఈస్ట్‌ను పెంచి చూపించారు. దాంతో చల్లదనానికి తోడు శుభ్రత ఎంత కీలకమో కూడా తేలిపోయింది. ఈనాడు ఇంటి ఫ్రిజ్‌లో ఈస్ట్ జాడీ పెట్టుకునే వ్యక్తి ఎదుర్కొనే సమస్యలు కూడా ఇవే: చల్లగా ఉంచడం, పరాయి క్రిములు చేరకుండా చూడడం, ఎన్ని కణాలు బతికి ఉన్నాయో అంచనా వేయడం.

ఇంట్లో బీరు కాచుకునేవారు ఈ విషయంలో సాధారణంగా రెండు ప్రశ్నలు అడుగుతారు. స్టార్టర్‌ను, అంటే బీరు కాచే ముందు చిన్న మోతాదులో పెంచుకునే ఈస్ట్‌ను, ఎలా దాచుకోవాలన్నది మొదటిది, అందుకు కావలసిన సామగ్రి ఎక్కడ కొనాలన్నది రెండోది. ఈ రెండింటినీ వేర్వేరుగా చూడడం వల్లే గందరగోళం పుడుతోందని నా అభిప్రాయం. ఈస్ట్‌ను రెండు వారాలు దాచాలా, మూడు నాలుగు నెలలు దాచాలా, ఏళ్ల తరబడి దాచాలా అన్నది ముందుగా తేలితే, ఏ పరికరం అవసరమో ఏది అనవసరమో ఇట్టే తెలిసిపోతుంది. చాలామంది మాగ్నెటిక్ స్టిరర్ (అయస్కాంతంతో ద్రవాన్ని తిప్పే పరికరం), పెద్ద ఫ్లాస్కు, పరీక్షనాళికలు ముందే కొనేసి, ఆ తర్వాత వాటికి పని వెతుక్కుంటారు.

ఇక్కడ చెప్పేది ప్రధానంగా అమెరికాలోని ఇంటి బీరు తయారీ గురించి. 1978 అక్టోబరులో అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ సంతకం చేసిన చట్టం సొంత వాడకానికి ఏడాదికి 100 గ్యాలన్లు, ఇంట్లో ఇద్దరు లేదా అంతకంటే ఎక్కువ మంది పెద్దలుంటే 200 గ్యాలన్ల బీరును పన్ను లేకుండా తయారు చేసుకోవడానికి అనుమతించింది. అమ్మడానికి మాత్రం వీల్లేదు. రాష్ట్రాల వారీగా ఉన్న నిషేధాల్లో చివరివైన మిసిసిపీ, అలబామా నిషేధాలు 2013లో తొలగిపోయాయి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో 1968 నాటి ఎక్సైజ్ చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా మద్యం తయారు చేయడం నేరం. కాబట్టి అక్కడి పాఠకులకు ఈ వ్యాసం విషయ అవగాహనకే పనికొస్తుంది. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో స్థిరపడి, ఈ అభిరుచిని చట్టబద్ధంగా అలవరచుకున్న తెలుగువారికి ఆచరణలో కూడా ఉపయోగపడుతుంది.

స్టార్టర్ ఎందుకు, ఎంత

మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీని వేడినీళ్లలో నానబెట్టి తీసిన తియ్యటి రసాన్ని వోర్ట్ అంటారు. దాన్ని చేదునిచ్చే హాప్స్ పూలతో మరిగించి, చల్లార్చి, ఈస్ట్ కలిపితే బీరు అవుతుంది. కలిపే ఈస్ట్ తక్కువైతే కణాలు ముందు తమ సంఖ్యను పెంచుకోవడానికే శ్రమపడతాయి. పులియడం ఆలస్యంగా మొదలవుతుంది, ఆ వ్యవధిలో బాక్టీరియాకు సందు దొరుకుతుంది, బీరులో పండు వాసన, ఘాటైన ఆల్కహాల్ వాసన, వెన్న వాసన మిగిలిపోయే ప్రమాదం ఉంటుంది. అందుకే అసలు తయారీకి ఒకటి రెండు రోజుల ముందు, చిన్న మోతాదు వోర్ట్‌లో ఈస్ట్‌ను పెంచి సిద్ధం చేసుకుంటారు. దీన్నే స్టార్టర్ అంటారు. పెరుగుకు నిన్నటి తోడు ఒక చెంచా వేస్తే చాలినట్టు ఇక్కడ కుదరదు. పాలలో లాక్టిక్ ఆమ్లం పెరిగి మిగతా క్రిములను అణిచివేస్తుంది గానీ, వోర్ట్‌లో ఆ రక్షణ ఈస్ట్ పని అందుకున్నాకే వస్తుంది. కాబట్టి మొదట వేసే కణాల సంఖ్య ముఖ్యం.

ఆ సంఖ్యకు వాడుకలో ఉన్న లెక్క ఒకటుంది. వోర్ట్‌లోని చక్కెర గాఢతను ప్లాటో డిగ్రీల్లో కొలుస్తారు. గది వేడికి దగ్గరగా పులిసే ఏల్ రకం బీరుకు ఒక్కో మిల్లీలీటరుకు, ఒక్కో ప్లాటో డిగ్రీకి 7.5 లక్షల కణాలు కావాలి. చల్లటి ఉష్ణోగ్రతలో పులిసే లాగర్‌కు అంతకు రెట్టింపు, అంటే 15 లక్షలు కావాలి. అమెరికాలో మామూలుగా కాచే 5 గ్యాలన్లు, అంటే సుమారు 19 లీటర్ల వోర్ట్ 12 ప్లాటో డిగ్రీల గాఢతతో ఉందనుకుంటే, ఏల్‌కు దాదాపు 17,100 కోట్ల కణాలు, లాగర్‌కు 34,200 కోట్ల కణాలు అవసరమవుతాయి. ద్రవరూప ఈస్ట్ ప్యాకెట్‌లో సంప్రదాయంగా 10,000 కోట్ల కణాలుంటాయి. కొన్ని కంపెనీల కొత్త ప్యాకెట్లలో ఇంకా ఎక్కువే ఉంటాయి. ప్యాకెట్ పాతబడే కొద్దీ నెలకు దాదాపు 20 శాతం కణాలు చచ్చిపోతాయన్నది హోమ్‌బ్రూవర్లలో పాతుకుపోయిన అంచనా. ఈస్ట్ రకాన్ని బట్టి ఇది చాలా మారుతుంది కనుక కచ్చితమైన నియమంగా తీసుకోకూడదు, కానీ జాగ్రత్త పడడానికి సరిపోతుంది.

పొడి ఈస్ట్ సంగతి వేరు. తయారీ సమయంలోనే గాలి బాగా అందించి పెంచడం వల్ల, కణపొరకు కావలసిన స్టెరాల్స్ అనే కొవ్వు పదార్థాలను అది ముందే నిల్వ చేసుకుని ఉంటుంది. 11.5 గ్రాముల ప్యాకెట్ ఒకటి మామూలు గాఢత ఉన్న 19 లీటర్ల ఏల్‌కు సరిపోతుంది, లాగర్‌కు రెండు వేయాలి. స్టార్టర్ అక్కర్లేదు. రెండు మూడు నెలలకొకసారి మాత్రమే బీరు కాచేవారు, తమకు కావలసిన రకం పొడి రూపంలో దొరికేటట్లయితే, ఈస్ట్ దాచే ఆలోచనే పెట్టుకోనక్కర్లేదని నా సలహా. పొడిగా దొరకని రకాలు వాడేవారికి, నెలకు ఒకటి రెండు సార్లు కాచేవారికి మాత్రమే ఇక్కడి నుంచి చెప్పేది నిజంగా ఉపయోగపడుతుంది.

స్టార్టర్ వోర్ట్‌కు లీటరు నీటికి 100 గ్రాముల డ్రై మాల్ట్ ఎక్స్‌ట్రాక్ట్ పొడి కలిపి, పది పదిహేను నిమిషాలు మరిగిస్తే గ్రావిటీ, అంటే నీటితో పోల్చిన సాంద్రత, 1.037 దగ్గర ఉంటుంది. అంతకంటే చిక్కగా చేస్తే కణాల మీద ఒత్తిడి పెరుగుతుంది. ఇక్కడ మన లక్ష్యం రుచిగల బీరు కాదు, ఆరోగ్యంగా ఉన్న కణాలు. కాబట్టి హాప్స్ వేయరు, గాలి ధారాళంగా తగలనిస్తారు, 20 నుంచి 25 డిగ్రీల సెల్సియస్ వేడిలో ఉంచుతారు. మాగ్నెటిక్ స్టిరర్ మీద నిరంతరం తిరుగుతూ ఉంటే గ్రాము మాల్ట్ పొడికి సుమారు 140 కోట్ల కొత్త కణాలు పుడతాయన్న లెక్కను హోమ్‌బ్రూవర్లు ఎక్కువగా వాడతారు. కదపకుండా వదిలేసిన స్టార్టర్‌లో పెరుగుదల బాగా తగ్గుతుంది.

అదనంగా పెంచి పక్కన పెట్టడం

నిల్వ చేయడానికి అన్నిటికంటే మంచి ఈస్ట్ బీరు పులిసిన పాత్ర అడుగున మిగిలేది కాదు, ఇంకా బీరులోకి వెళ్లని స్టార్టర్‌లో ఉన్నదే. దానికి హాప్స్ చేదు అంటదు, ఎక్కువ ఆల్కహాల్ తగలదు, ప్రోటీన్ ముద్దలు కలవవు. అందుకే కావలసినదానికంటే పెద్ద స్టార్టర్ చేసి, కొంత తీసి దాచడం ఇంటి తయారీకి అత్యంత అనువైన పద్ధతి.

పైన చెప్పిన ఏల్‌నే తీసుకుందాం. ప్యాకెట్ నెల రోజుల పాతది కనుక అందులో 8,000 కోట్ల కణాలు బతికి ఉన్నాయని అనుకుందాం. బీరుకు 17,100 కోట్లు, దాచుకోవడానికి 10,000 కోట్లు, మొత్తం 27,100 కోట్లు కావాలి. అంటే కొత్తగా 19,100 కోట్ల కణాలు పుట్టాలి. స్టిరర్ మీద గ్రాముకు 140 కోట్ల చొప్పున 136 గ్రాముల మాల్ట్ పొడి అవసరం. దాన్ని 140 గ్రాములకు సవరించి 1.4 లీటర్ల స్టార్టర్ చేస్తే సరిపోతుంది. పని పూర్తయ్యాక ఫ్లాస్కును బాగా కలిపి, అందులోంచి అర లీటరు శుభ్రమైన జాడీలోకి వంపితే ఇంచుమించు 10,000 కోట్ల కణాలు దక్కుతాయి. కలపకుండా పైపైన వంపితే తొందరగా అడుగంటే కణాలన్నీ ఫ్లాస్కులోనే ఉండిపోతాయి. దాచిన జాడీలో నెమ్మదిగా అడుగంటే కణాలే మిగిలి, కొన్ని తడవల తర్వాత ఈస్ట్ గుణమే మారిపోతుంది.

జాడీని ఫ్రిజ్‌లోకి ఎప్పుడు చేర్చాలన్నది చాలామంది పట్టించుకోని విషయం. నురగ పైకి వచ్చి జోరుగా పులుస్తున్న సమయంలో కణాలు తమ నిల్వ ఆహారమైన గ్లైకోజెన్‌ను ఖర్చు చేసేసి ఉంటాయి. చక్కెర అంతా అయిపోయే దశకు వచ్చేసరికి మళ్లీ గ్లైకోజెన్‌ను, ఒత్తిడిని తట్టుకోవడానికి పనికొచ్చే ట్రెహలోస్‌ను పోగేసుకుంటాయి. చలిలో గడిపే నెలల్లో వాటిని బతికించేది ఈ నిల్వలే. కాబట్టి నురగ దిగిపోయి, బుడగలు ఆగిపోయి, ద్రవం తేరుకోవడం మొదలయ్యాకే చల్లబరచాలి. తొందరపడి ఒక రోజు ముందే ఫ్రిజ్‌లో పెడితే, ఆ లోటు రెండు నెలల తర్వాత బయటపడుతుంది.

జాడీలో కనిపించేది

ఫ్రిజ్‌లో రెండు రోజులు నిలిచిన జాడీని వెలుతురుకు ఎదురుగా పట్టి చూస్తే చాలా విషయాలు తెలుస్తాయి. పైన లేత పసుపు రంగు తేట ఉంటుంది. దాని కింద మీగడ రంగులో, నున్నగా, ఒకే తీరుగా కనిపించే పొర బతికున్న ఈస్ట్. జాడీని కొంచెం వంచితే ఆ పొర పై అంచు మెల్లగా జారుతుంది. స్టార్టర్ నుంచి దాచినదైతే దాదాపు అంతే. బీరు పులిసిన పాత్ర నుంచి తీసిన మడ్డి అయితే, ఆ మీగడ పొర కింద గోధుమ రంగు తునకలు, ఆకుపచ్చటి హాప్స్ నలుసులు కలిసిన మరో పొర కనిపిస్తుంది. అందులో మృతకణాలు, ప్రోటీన్లు ఎక్కువ. వాడేటప్పుడు తేటను వంపేసి, మధ్య పొరనే తీసుకుని, అడుగు భాగాన్ని వదిలేయాలి.

ఈ మడ్డిని మరిగించి చల్లార్చిన నీళ్లతో కడిగి, ఆ నీళ్లలోనే దాచమని చెప్పే పద్ధతి విపరీతంగా ప్రచారంలో ఉంది. జాడీ చూడడానికి అందంగా ఉంటుంది గానీ, నేను దీన్ని సమర్థించను. ఈస్ట్ మీద ఉన్న బీరుకు పీహెచ్ (ఆమ్లగుణాన్ని తెలిపే కొలత, తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) 4 నుంచి 4.5 మధ్య ఉంటుంది, ఆల్కహాల్ ఉంటుంది, హాప్స్ ఆమ్లాలు ఉంటాయి. ఇవన్నీ బాక్టీరియాకు కంటకమే. వాటిని తీసేసి, ఏ రక్షణా లేని నీళ్లు పోస్తే ఈస్ట్‌కు మేలు జరగదు, దారి తప్పి చేరిన క్రిములకు జరుగుతుంది. పాత్ర మార్చిన ప్రతిసారీ గాలిలోని క్రిములు చేరే అవకాశం కూడా పెరుగుతుంది. సొంత బీరు కిందే ఉంచడం మేలు. కర్మాగారాల్లో ఫాస్ఫారిక్ ఆమ్లంతో పీహెచ్‌ను 2.2 దాకా తగ్గించి బాక్టీరియాను చంపే పద్ధతి వేరే ఉంది. దానికి పీహెచ్ మీటరు, అదుపులో ఉన్న చల్లదనం, కచ్చితమైన సమయపాలన అవసరం కనుక ఇంట్లో దాని జోలికి వెళ్లనక్కర్లేదు.

మూత విషయంలో రాజీ పడకూడదు. చల్లగా ఉన్నా ఈస్ట్ అంతో ఇంతో కార్బన్ డయాక్సైడ్ వదులుతూనే ఉంటుంది. గాజు జాడీ మూత బిగించేస్తే లోపలి పీడనానికి పగిలిపోవచ్చు. మూతను పెట్టి పావు మలుపు వదులుగా ఉంచాలి, లేదా శానిటైజర్‌లో ముంచిన అల్యూమినియం రేకు కప్పి రబ్బరు బ్యాండు వేయాలి. ఉష్ణోగ్రత 1 నుంచి 4 డిగ్రీల మధ్య ఉండాలి. ఫ్రిజ్ తలుపు అరల్లో పెడితే తెరిచినప్పుడల్లా వేడెక్కుతుంది. వెనక గోడకు ఆనిస్తే కొన్ని ఫ్రిజ్‌లలో గడ్డకట్టి, మంచు పలుకులు కణాలను చీల్చేస్తాయి. మధ్య అరలో ఒక గ్లాసు నీళ్లు పెట్టి, అందులో థర్మామీటరు వేసి మర్నాడు చూస్తే అసలు ఉష్ణోగ్రత తెలుస్తుంది. జాడీ మీద ఈస్ట్ రకం, తేదీ, ఎన్నో తడవ అన్నవి రాసిపెట్టడం అలవాటు చేసుకోవాలి. ఐదు నుంచి పది తడవల లోపే మూల ప్యాకెట్‌కు తిరిగి వెళ్లడం మంచిది. 7 శాతానికి మించి ఆల్కహాల్ ఉన్న బీరు నుంచి, హాప్స్ బాగా దట్టించిన బీరు నుంచి వచ్చిన మడ్డిని మళ్లీ వాడకపోవడమే మేలు.

ఇలా దాచినది రెండు వారాల్లోపు అయితే నేరుగా వాడవచ్చు. నెల దాటితే తప్పనిసరిగా కొత్త స్టార్టర్‌తో మేల్కొలపాలి. మూడు నాలుగు నెలలు దాటితే సగానికి పైగా కణాలు పోయి ఉంటాయని అనుకుని, ముందు అర లీటరు, తర్వాత లీటరున్నర, ఇలా రెండు దశల్లో పెంచాలి. ఇంతవరకూ చెప్పిన నిల్వకు కావలసిన సామగ్రి ఏమిటంటే, రెండు మూడు గాజు జాడీలు, శానిటైజర్, గ్రాముల్లో తూచే చిన్న త్రాసు, నమ్మదగిన ఫ్రిజ్. ఇంటి తయారీదారుల్లో ఎక్కువ మందికి ఇంతకంటే అవసరం ఉండదు.

వోర్ట్‌ను సీసాల్లో దాచేవారికి హెచ్చరిక

ప్రతిసారీ వోర్ట్ మరిగించే శ్రమ తప్పించుకోవడానికి, కొందరు ఒకేసారి పెద్ద మొత్తంలో కాచి, వేడివేడిగా జాడీల్లో పోసి, మూత బిగించి అల్మారాలో పెడతారు. ఇది ప్రాణాంతకం కావచ్చు. క్లోస్ట్రీడియం బోట్యులినమ్ అనే బాక్టీరియా బీజాలు మరిగే నీటి వేడికి చావవు. గాలి లేని చోట, పీహెచ్ 4.6 కంటే ఎక్కువ ఉన్న పదార్థంలో, గది ఉష్ణోగ్రత వద్ద అవి మొలకెత్తి విషాన్ని తయారు చేయగలవు. పులియని వోర్ట్ పీహెచ్ 5 నుంచి 5.5 దాకా ఉంటుంది, మూత బిగించిన జాడీలో గాలి ఉండదు. ఆ విషానికి రంగు, రుచి, వాసన ఉండవు. అప్పటికప్పుడు కాచి ఈస్ట్ కలిపిన స్టార్టర్‌కు ఈ బెడద లేదు, ఎందుకంటే ఈస్ట్ పని మొదలయ్యాక పీహెచ్ త్వరగా 4.6 కంటే కిందికి దిగుతుంది.

ఫ్రిజ్ బయట దాచాలంటే 15 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) పీడనం కింద, 121 డిగ్రీల వేడిలో, కనీసం 15 నిమిషాలు ఉంచాలి. తెలుగువారి ఇళ్లలో ఉండే ప్రెషర్ కుక్కర్ చదరపు సెంటీమీటరుకు ఒక కిలో పీడనంతో పనిచేస్తుంది, ఇది 15 పీఎస్‌ఐకి దగ్గరే. కాబట్టి పదేసి మిల్లీలీటర్ల ట్యూబులు, చిన్న సీసాలు స్టెరిలైజ్ చేయడానికి అది చక్కగా పనికొస్తుంది. లీటరు జాడీల్లో వోర్ట్ నింపి నెలల తరబడి బయట దాచడానికి మాత్రం దాన్ని నమ్ముకోకూడదు. పెద్ద జాడీ మధ్యభాగానికి వేడి చేరడానికి చాలా సమయం పడుతుంది, చిన్న కుక్కరు త్వరగా వేడెక్కి త్వరగా చల్లారుతుంది. అమెరికా వ్యవసాయ శాఖ కూడా కేనింగ్‌కు, అంటే ఆహారాన్ని జాడీల్లో మూసి దాచడానికి, కనీసం నాలుగు క్వార్టు (దాదాపు లీటరు) జాడీలు పట్టే పెద్ద ప్రెషర్ కేనర్‌నే వాడమంటుంది. నన్నడిగితే, వోర్ట్‌ను ప్రతిసారీ తాజాగా కాచుకోవడమే సరైన మార్గం. పావుగంట పని ఆదా చేయడానికి ఇంత ప్రమాదం తెచ్చుకోవడం తగదు.

ఏళ్ల తరబడి దాచే పద్ధతులు

అరుదైన ఈస్ట్ రకాలను సేకరించేవారికి ఫ్రిజ్ జాడీ చాలదు. వారికి మొదటి మార్గం అగార్ స్లాంట్. వోర్ట్‌లో సముద్రపు నాచు నుంచి తీసే, జెల్లీలా గట్టిపడే అగార్‌ను రెండు శాతం కలిపి, పరీక్షనాళికల్లో పోసి, కుక్కర్లో స్టెరిలైజ్ చేసి, ఏటవాలుగా పెట్టి గట్టిపడనిస్తారు. ఆ వాలు మీద, కొనను వలయంగా వంచిన తీగతో ఈస్ట్‌ను గీసి, రెండు మూడు రోజులు పెరగనిచ్చి ఫ్రిజ్‌లో పెడతారు. నాలుగు నుంచి ఆరు నెలలకొకసారి కొత్త స్లాంట్ మీదికి మార్చాలి.

రెండోది గడ్డకట్టించడం. మామూలుగా గడ్డకట్టిస్తే ఈస్ట్ చస్తుంది, కానీ 15 నుంచి 25 శాతం గ్లిజరిన్ కలిపితే మంచు పలుకులు కణాలను చీల్చకుండా అడ్డుకుంటుంది. ఆహారానికి పనికొచ్చే వెజిటబుల్ గ్లిజరిన్‌ను నీటితో కలిపి స్టెరిలైజ్ చేసి, బాగా చల్లబడిన చిక్కటి ఈస్ట్‌తో ట్యూబుల్లో నింపి ఫ్రీజర్‌లో పెడతారు. ప్రయోగశాలల్లో మైనస్ 80 డిగ్రీలు వాడతారు, ఇంటి ఫ్రీజర్ మైనస్ 18 దగ్గర ఉంటుంది. మంచు పేరుకోకుండా తనంతట తానే కరిగించుకునే ఫ్రీజర్లలో ఉష్ణోగ్రత తరచూ పైకీ కిందికీ ఊగుతుంది, ఆ ఊగిసలాటే కణాలను చంపుతుంది. అందువల్ల ట్యూబులను చిన్న థర్మోకోల్ పెట్టెలో, చుట్టూ ఐస్ ప్యాకులు పేర్చి పెట్టాలి. ఖర్చు దాదాపు లేని ఈ ఏర్పాటు ఖరీదైన ట్యూబుల కంటే ఎక్కువ మేలు చేస్తుంది.

మూడోది ఎండబెట్టడం. పశ్చిమ నార్వే పల్లెల్లో క్వైక్ అనే ఈస్ట్‌ను కుటుంబాలు తరతరాలుగా అలాగే కాపాడుకుంటూ వచ్చాయి. కొయ్య ముక్కలతో అల్లిన వలయాలను, చెక్క దుంగలను, నారబట్టలను పులుస్తున్న బీరులో ముంచి ఆరబెట్టి, మళ్లీ బీరు కాచేదాకా వేలాడదీసేవారు. వోస్, హోర్నిండాల్ ప్రాంతాల రకాలు నేడు ప్రపంచమంతటా దొరుకుతున్నాయి. 30 నుంచి 40 డిగ్రీల వేడిలో కూడా చెడు రుచులు రాకుండా పులియబెట్టడం వాటి ప్రత్యేకత, ట్రెహలోస్‌ను బాగా పోగేసుకోవడం వల్ల ఎండడాన్ని కూడా తట్టుకుంటాయి. టెక్సాస్ వేసవిలో గదిని చల్లబరచలేక ఇబ్బంది పడేవారికి ఈ ఈస్ట్ నిజమైన ఊరట. బేకింగ్ కాగితం మీద పలచగా పరిచి, 35 డిగ్రీలు మించని గాలిలో ఆరబెట్టి, పెళుసైన రేకులను ఫ్రీజర్‌లో దాచితే చాలు. మామూలు బ్రూవరీ రకాలకు ఇదే పద్ధతి పనిచేస్తుందని ఆశించకూడదు, వాటిలో చాలా భాగం ఎండేటప్పుడే చచ్చిపోతుంది.

సామగ్రి ఎక్కడ, ఎలా

మాల్ట్ పొడి, శానిటైజర్, ఈస్ట్ వంటి తరిగిపోయే సరుకులను దగ్గర్లోని హోమ్‌బ్రూ దుకాణంలో కొనడమే మంచిది. ద్రవరూప ఈస్ట్‌ను వేసవిలో కొరియర్‌లో తెప్పిస్తే మండుటెండలో లారీలో గడిపే గంటలే దాన్ని బాగా దెబ్బతీయవచ్చు. దుకాణంలో అయితే ఫ్రిజ్‌లోంచి తీసి, తేదీ చూసి కొనుక్కోవచ్చు. మాల్ట్ పొడి గాలిలోని తేమను పీల్చుకుని రాయిలా గట్టిపడుతుంది కనుక గాలి చొరబడని డబ్బాలో ఉంచాలి. స్టార్ శాన్ అనే ఆమ్ల శానిటైజర్‌ను లీటరు నీటికి సుమారు ఒకటిన్నర మిల్లీలీటర్ల చొప్పున కలుపుతారు, మళ్లీ కడగనక్కర్లేదు. కానీ మురికి ఉన్న పాత్ర మీద ఏ శానిటైజరూ పనిచేయదు, ముందు శుభ్రంగా తోమాల్సిందే.

స్టార్టర్ పాత్రగా రెండు లీటర్ల కానికల్ ఫ్లాస్కు ఏల్‌కు సరిపోతుంది. లాగర్ కాచేవారికి ఐదు లీటర్లది కావాలి. బోరోసిలికేట్ (వేడి మార్పును తట్టుకునే గాజు) అని స్పష్టంగా రాసి ఉన్నదే కొనాలి, మామూలు గాజు అయితే వేడి మీద నుంచి చన్నీళ్లలో పెట్టగానే పగులుతుంది. అసలు ఫ్లాస్కులో మరిగించాల్సిన పని లేదు. స్టీలు గిన్నెలో మరిగించి, మూతపెట్టి సింకులో చల్లార్చి, శానిటైజ్ చేసిన ఏ పాత్రలోకైనా పోసుకోవచ్చు. మాగ్నెటిక్ స్టిరర్‌ను పాత కంప్యూటర్ ఫ్యాను, రెండు చిన్న బలమైన అయస్కాంతాలు, 12 వోల్టుల అడాప్టరు, వేగాన్ని తగ్గించే చిన్న నాబ్ ఉంటే ఇంట్లోనే తయారు చేసుకోవచ్చు. అదీ వద్దనుకుంటే, నాలుగు లీటర్ల ప్లాస్టిక్ సీసాలో లీటరు వోర్ట్ పోసి, సీసా నురగతో నిండేదాకా గట్టిగా కుదిపి ఈస్ట్ వేసి, బాగా పొంగుతున్న దశలోనే మొత్తం బీరులో కలిపేయవచ్చు. ఈ పద్ధతికి పరికరమే లేదు. అయితే అప్పటికి కణాల్లో నిల్వలు ఖాళీగా ఉంటాయి కనుక ఇది వెంటనే వాడడానికే పనికొస్తుంది, దాచడానికి కాదు.

పాత సామగ్రి అమెరికాలో పుష్కలంగా దొరుకుతుంది, ఎందుకంటే ఈ అభిరుచిని మొదలుపెట్టి వదిలేసేవారు చాలామంది. స్టీలు పాత్రలు, బర్నర్లు, శీతలానికి వాడే రాగి చుట్టలు, సోడా కంపెనీలు వాడి వదిలేసిన కార్నీ కెగ్‌లు అనే స్టీలు పీపాలు పాతవి కొన్నా నష్టం లేదు. కెగ్‌కైతే గ్యాస్ ఎక్కించి ఒక రాత్రి పీడనం నిలుస్తుందో లేదో చూసి, రబ్బరు రింగులన్నీ మార్చేయాలి. ప్లాస్టిక్ బకెట్లు, గొట్టాలు, కుళాయిలు మాత్రం కొత్తవే కొనాలి. కంటికి కనిపించని గీతల్లో క్రిములు తిష్ఠవేస్తే ఏ శానిటైజరూ చేరలేదు. బీరు పులియబెట్టే పెద్ద గాజు సీసాలైన కార్బాయ్‌లు చవగ్గా వస్తున్నాయని తీసుకోవద్దనే చెబుతాను. తడిచేతుల్లోంచి జారి పగిలి చేతులు తీవ్రంగా కోసుకుపోయిన ప్రమాదాలు ఎన్నో జరిగాయి, అదే పని పెట్ (PET) ప్లాస్టిక్ కార్బాయ్ చేస్తుంది.

విశ్వవిద్యాలయాలు వాడేసిన సామగ్రిని అమ్మే సర్‌ప్లస్ దుకాణాలు మరో మంచి చోటు. అక్కడ స్టిరర్లు, మైక్రోస్కోపులు తక్కువకు దొరుకుతాయి, అవి ఈస్ట్‌ను తాకవు కనుక నిశ్చింతగా కొనవచ్చు. ఫ్లాస్కులు, బీకర్లు, సీసాలు మాత్రం అక్కడ కొనకూడదు, వాటిలో ఇంతకుముందు ఏ రసాయనం పోశారో తెలుసుకునే దారి లేదు. ట్యూబులు పాలీప్రొపిలీన్‌వి అయితేనే కుక్కర్ వేడిని తట్టుకుంటాయి, పాలీస్టైరీన్‌వి కరిగి ముద్దవుతాయి. ట్యూబులు తెరిచి ఈస్ట్ మార్చే పనికి గాలి కదలని పెట్టె కావాలి. పెద్ద పారదర్శక ప్లాస్టిక్ డబ్బాను బోర్లించి, చేతులు పట్టే రెండు రంధ్రాలు కోస్తే అదే సరిపోతుంది. దాని లోపల స్పిరిట్ దీపం వెలిగించకూడదు, శానిటైజ్ చేయడానికి చల్లిన ఆల్కహాల్ ఆవిరి అంటుకుంటుంది.

అదనంగా ఒక్క పరికరానికే డబ్బు పెట్టగలమంటే, 400 రెట్లు పెద్దదిగా చూపే పాత మైక్రోస్కోపు, కణాలు లెక్కపెట్టే గళ్లున్న హీమోసైటోమీటర్ పలక కొనమంటాను. మిథిలీన్ బ్లూ రంగు చుక్క వేస్తే బతికున్న కణాలు ఆ రంగును విరిచేసి రంగు లేకుండా కనిపిస్తాయి, చచ్చినవి నీలంగా మారతాయి. గళ్లలో రెండింటినీ లెక్కపెడితే, నెలకు 20 శాతం అన్న ఊహాగణితం స్థానంలో ఈ జాడీ అసలు లెక్క చేతికి వస్తుంది. దాన్నిబట్టి స్టార్టర్ ఎంత పెట్టాలో తేలుతుంది.

నిల్వ ఈస్ట్‌ను వాడే ముందు మూత తీసి వాసన చూడాలి. తాజా రొట్టె, లేత బీరు వాసన వస్తే మంచిదే. మాంసం ఉడికిన వాసన, కాలిన రబ్బరు వాసన వస్తే చచ్చిన కణాలు తమలో తాము జీర్ణమై కరిగిపోతున్నాయని అర్థం. పుల్లటి వెనిగర్ వాసన, పైన తెల్లటి పొర, బూజు చుక్కలు ఉంటే పరాయి క్రిములు చేరినట్టే. ఫ్రీజర్ ట్యూబుల విషయంలో ఈ పరీక్ష చాలదు. పది మిల్లీలీటర్ల ట్యూబును కరగనిచ్చి, ముందు వంద మిల్లీలీటర్ల వోర్ట్‌లో, తర్వాత లీటరులో, ఒక్కో దశకు పది రెట్లు మించకుండా పెంచాలి. మొదటి దశలోనే ఒక చుక్క తీసి అగార్ పలక మీద గీసి మూడు రోజులు ఆగాలి. పలక మీద గుండ్రంగా, మీగడ రంగులో ఒకే తీరు కాలనీలు వస్తే ముందుకు వెళ్లవచ్చు. రంగులోనో అంచుల్లోనో తేడాగా ఉన్నవి కొన్ని కనిపించినా, ఆ రోజు నింపిన ట్యూబులన్నిటినీ కుక్కర్లో ఉడికించి పారేసి, కొత్త ప్యాకెట్‌తో మళ్లీ మొదలుపెట్టాలి.